పక్కన పెట్టిన మూత

నేను ఒక రేడియేటర్ మూతను. అరచేతిలో ఇమిడే రేకు బిళ్ల, పట్టి తిప్పడానికి రెండు చెవులు, కడుపు కింద ఒక స్ప్రింగు, దాని చివర ఒక రబ్బరు వాషరు. ఇంతే నేను. ఇంత చిన్నదానికి ఆత్మకథ ఏమిటని నవ్వకండి. మదనపల్లెలో ఒక కొత్త జంట ఒకే ఇంట్లో ఉండాలా, వారానికి ఆరు రోజులు చెరో చోట ఉండాలా అన్న సంగతి అయిదు రోజుల పాటు నా మీదే ఆధారపడింది. అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. చెప్పడానికి నాకు నోరు లేదు. నా పనే ఇంకొకరి నోరు మూయడం కదా.

శుభవార్త వచ్చిన క్షణంలో నేను ఝాన్సీ చేతిలో ఉన్నాను.

బుధవారం పొద్దున. ఇంటి ముందు నిలబెట్టిన కాఫీరంగు పాత కారు బానెట్ ఎత్తి, మొగుడు నేర్పినట్టే ఇంజిన్ చల్లగా ఉందో లేదో చేత్తో తాకి చూసి, నన్ను పావు మలుపు తిప్పి తీసి, చెంబుతో నీళ్లు పోస్తోంది. పెళ్లయి నలభై రెండు రోజులు. మెడలో పసుపుతాడు రంగింకా రవికకు అంటుతూనే ఉంది. ఈ అమ్మాయికి ఏ పని చేసినా పండగే. రేడియేటర్‌లో నీళ్లు గుడగుడమంటే "దాహం వేసిందా అలకమ్మా?" అని కారును పలకరించి నవ్వుకునేది. కారుకు ఆ పేరు పెట్టింది తనే. ఎక్కడ అలిగి నిలబడిపోతుందో తెలియదు గనక అలకమ్మ.

అప్పుడు ఫోను మోగింది.

"కొండమీద బడి నుంచండీ. మిమ్మల్ని సైన్సు టీచరుగా తీసుకున్నాం. సోమవారం వచ్చి చేరండి."

ఝాన్సీ ఎగిరింది. ఆమెతో పాటు నేనూ ఎగిరాను. ఆమె కిందికి వచ్చింది, నేను మాత్రం చేజారి కనకాంబరాల కుండీలో పడ్డాను. ఆమె చెంబు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తింది. "శేఖరూ! శేఖరూ!" అని కేక. నలుగురిలో ఉన్నప్పుడు "ఏమండీ" అంటుంది, ఎవరూ లేనప్పుడు "శేఖరూ". ఈ రహస్యం నాకూ కనకాంబరాలకూ తెలుసు. మునిశేఖర్ నోటినిండా పేస్టు నురగతో బయటికొచ్చాడు. విషయం విని, బ్రష్షు పట్టుకున్న చేత్తోనే ఆమెను ఎత్తి రెండు చుట్లు తిప్పాడు. కుండీలో మట్టి రుచి చూస్తూ నేనూ సంతోషించాను. మనుషులు ఆనందంలో ముందుగా మరిచిపోయేది చేతిలో ఉన్నదాన్నే.

కాసేపటికి ఝాన్సీ నెమ్మదించింది.

"కానీ పొద్దున ఏడున్నరకు ప్రార్థనకు టీచర్లందరూ ఉండాలంట. మొదటి బస్సు కొండెక్కేసరికి రెండో పీరియడు అయిపోతాదంట. అందుకని టీచర్ల హాస్టల్లో గది ఇస్తామన్నారు."

"గదా? బాగుంది కదా?"

"ఒక్కరికి."

మునిశేఖర్ నురగ మింగేశాడనుకుంటాను. మూతి తుడుచుకుని కారు వైపు తిరిగాడు. "అలకమ్మ ఉంది కదా! ఆరుకు బయల్దేరితే ఏడుకు కొండ మీద దించేస్తా. తొమ్మిదికి నేను టమాటా మండీలో ఉంటా. సాయంత్రం నువ్వు బస్సులో దిగొచ్చేయి. అంతే!"

"అలకమ్మ కొండ ఎక్కుతాదా?"

ప్రశ్న అదే. జవాబు నా కడుపులో ఉంది. నేనేమో కుండీలో ఉన్నాను.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను పుట్టింది మద్రాసు పక్కన ఒక రేకుల షెడ్డులో. ప్రెస్సు కింద ఒక దెబ్బకు గిన్నెలా వంగాను, రెండో దెబ్బకు చెవులొచ్చాయి. ఒకామె కూనిరాగం తీస్తూ నాకు స్ప్రింగు పెట్టింది, పక్కనున్నామె రబ్బరు తొడిగింది. చివర నెత్తిన ఒక అంకె అచ్చుగుద్దారు. అదే నా జాతకం. ఎంత ఒత్తిడి వచ్చేదాకా నేను పట్టు వదలకూడదో చెప్పే అంకె అది.

నా ఉద్యోగం చూడ్డానికి తేలిక. ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లు కాగి కాగి, ఇక మరిగిపోతాం, ఆవిరైపోతాం అని పైకి తన్నుకొస్తాయి. నేను వాటి నెత్తిన కూర్చుని అదిమిపెట్టాలి. గట్టిగా అదిమినంతసేపూ నీళ్లు మరగాల్సిన వేడి దాటినా మరగవు. నీళ్లుగానే ఉండి ఇంజిన్ వేడిని మోసుకుపోతాయి. నా రబ్బరు సడలిందా, ముందే మరిగిపోయి, నేను కూర్చునే రేడియేటర్ మెడ పక్కనున్న సన్న గొట్టం గుండా రోడ్డు పాలవుతాయి. నీళ్లు తగ్గితే ఇంజిన్ కాలుతుంది. ఇంజిన్ కాలితే కాపురాలు చెదురుతాయి. ఈ చివరి మాట ఈ మధ్యే నేర్చుకున్నాను.

నన్ను మొదట కొన్నది ఒక రిటైర్డ్ తహసీల్దారు. నాకు ముందున్న మూతను పెట్రోలు బంకులో తీసి, మడ్‌గార్డు మీద పెట్టి, మరిచిపోయి బండి కదిలించారట. అది ములకలచెరువు దారిలో ఎక్కడో రాలిపోయింది. మా వంశంలో సగం మంది చావు అదే. తహసీల్దారు నుంచి కారుతో సహా నేను చెంగల్రాయుడి చేతికొచ్చాను. ఈయన మునిశేఖర్‌కు పెదనాన్న. రిజిస్ట్రారాఫీసు ముందు చెట్టు కింద కూర్చుని దస్తావేజులు రాసేవాడు. చేతిరాత ముత్యాలు, ఓపిక సున్నా. నా దగ్గరికొచ్చిన మొదటి ఎండాకాలమే, కాగుతున్న ఇంజిన్ మీదున్న నన్ను తొందరపడి తిప్పాడు. లోపలి నీళ్లు పొగలై లేచి ఆయన ముంజేతిని కొట్టాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, కొంచెం జీడిపప్పు ఆకారంలో. అప్పటి నుంచి ఆయనకు నేనంటే భయం, భక్తి. దండం పెట్టి గాని ముట్టుకునేవాడు కాదు.

ఆ భక్తే కొంప ముంచింది. ఏటా ఆయుధపూజ నాడు ఆయన కారంతా కడిగి, స్టీరింగుకు, హెడ్‌లైట్లకు బొట్లు పెట్టి, చివరికి నన్ను తీసి తుండుగుడ్డ మీద కూర్చోబెట్టేవాడు. పైన గంధం, కుంకుమ. తరువాత వేలికి గానుగ కొబ్బరినూనె రాసుకుని నా రబ్బరుకు లోపలా బయటా పట్టించేవాడు, చంటిబిడ్డకు మర్దనా చేసినట్టు. "రబ్బరు ఎండిపోకూడదు నాయనా" అని తనలో తనే అనుకునేవాడు. ఎంత హాయిగా ఉండేదో! ఆ హాయిలో నా రబ్బరు మొదట ఉబ్బింది, తరువాత జిగురుగా మారింది, ఆ తరువాత ఏళ్లకు గట్టిపడి పెళుసెక్కింది. నేనెవరితో చెప్పుకోను? పైకి మాత్రం తళతళ మెరిసేదాన్ని.

పెళ్లికి కారును తమ్ముడి కొడుక్కి కానుకగా ఇస్తూ ఆయన అన్నాడు, "ఇంజిన్ రాయప్పా, రాయి! కొండ మాత్రం ఎక్కించొద్దు." రాయికి కొండంటే భయమెందుకో ఎవరూ అడగలేదు.

నన్ను కుండీలోంచి ఏరి, కడిగి బిగించి, గురువారం పొద్దున కొండకు ప్రయాణం కట్టారు. పరీక్ష అన్నమాట. చదునైన రోడ్డు మీద అలకమ్మ పెళ్లికూతురిలా నడిచింది. ఘాట్‌ రోడ్డు మొదలయ్యాక మూడో మలుపులో వేడి చూపించే ముల్లు మధ్య దాటింది. అయిదో మలుపులో ఎర్రగీత తాకింది. నా కింద నీళ్లు తన్నుతున్నాయి. నేను ఎంత అదిమినా రబ్బరు అంచు నుంచి బుస్సుమని జారి, గొట్టం గుండా రోడ్డు మీద ఎండకు ఆరిపోతున్నాయి. మునిశేఖర్ బండి పక్కకు లాగి, బానెట్ ఎత్తి నా మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టుకోకు!" ఝాన్సీ అతని చొక్కా పట్టి లాగింది. "పెదమామ చేతి మచ్చ మరిచిపోయినావా? చల్లారనీ."

చల్లారడానికి అరగంట. ఆ అరగంటలో రాతి గట్టు మీద కూర్చుని ఇద్దరూ ఉడకేసిన చెనిక్కాయలు తిన్నారు. ఒక కోతి వచ్చి పొట్టు పొట్లం ఎత్తుకుపోయింది. లోపల గింజలు లేవని తెలిసి అది వీళ్ల వైపు చూసిన చూపుకు ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. బండి ఆగిపోయినందుకు ఇంత సంబరపడినవాళ్లను నేనింతవరకు చూడలేదు. అయితే దిగుదారిలో ఝాన్సీ మాట తగ్గింది. ఇంటికొచ్చాక హాస్టలు గదికి ఏమేమి తీసుకెళ్లాలో ఒక కాగితం మీద రాసుకుంది. ఒక దిండు అని రాసి, కాసేపు దానికేసి చూస్తూ కూర్చుంది.

శుక్రవారం దస్తగిరి షెడ్డుకు వెళ్లాం. దస్తగిరి మేస్త్రీ ముప్పై ఏళ్లుగా టమాటా వ్యాన్లు బాగుచేస్తున్నాడు. ఇంజిన్ శబ్దం వింటే చాలు, డ్రైవరు రాత్రి ఏం తిన్నాడో చెప్తాడని ఊళ్లో పేరు. చెంగల్రాయుడు కూడా వచ్చి స్టూలేసుకుని కూర్చున్నాడు. తన కారుకు జబ్బంటే తన పెంపకాన్ని అన్నట్టు ఆయనకు.

దస్తగిరి మొదట చేసిన పనేమిటో తెలుసా? నన్ను తీసి పక్కన, బ్యాటరీ మీద పెట్టాడు. నా ఆత్మకథ అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. నీళ్లు ఎక్కడికి పోతున్నాయో వెతకాలంటే ముందు మూత తీయాలి. తీసిన మూతను పక్కన పెట్టాలి. ఆపైన అందరూ గుంతలోకి తొంగి చూస్తారు, మూత వైపు ఎవరూ చూడరు. బ్యాటరీ మీద వెల్లకిలా పడుకుని నేను ఆ వైద్యమంతా చూశాను.

మేస్త్రీ పనితనాన్ని తప్పు పట్టలేను. ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి వేలికి రాసుకుని చూశాడు. "నీళ్లు నూనెలో కలిసుంటే పాలు పోసిన టీ మాదిరి ఉంటాది పాపా. ఇది నల్లగానే ఉండాది. రెండూ కలవకుండా ఆపే గాస్కెట్ బాగుంది." ఇంజిన్ స్టార్ట్ చేయించి రేడియేటర్ నోట్లోకి చూశాడు. "బుడగలు రావడంలా. మంచిదే." పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టి వాసన చూశాడు. తెల్ల పొగ లేదు, తీపి వాసనా లేదు. నీళ్ల పంపు కింద వేలు పెట్టాడు, తడి లేదు. ఫ్యాను బెల్టు నొక్కి చూశాడు. వేడెక్కితే తెరుచుకుని నీళ్లను వదిలే థర్మోస్టాట్ విప్పి, టీ కాచే గిన్నెలో వేడినీళ్లలో వేశాడు. అది సమయానికి ముద్దుగా నోరు తెరిచింది. ఝాన్సీ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "అయ్యో, ఎంత బాగా తెరుచుకుందో!" అంది. మేస్త్రీకి ఆ రోజు తన పని మీద తనకే గౌరవం పెరిగింది.

"మూత ఎన్నాళ్లది?" అన్నాడు దస్తగిరి, ఊరికే.

నా స్ప్రింగు ఒక్కసారి జల్లుమంది. అడిగాడు! చివరికి అడిగాడు!

చెంగల్రాయుడు స్టూలు మీద నుంచి లేచాడు. "మూత మాట ఎత్తొద్దు మేస్త్రీ. ఏటేటా నా చేత్తో నూనె పెట్టి సాకినా దాన్ని. చూడు ఎట్ల మెరుస్తాందో. ఈ చేతికి వాత పెట్టినా సరే, ఒక్కనాడు చిన్నచూపు చూళ్లేదు."

పెద్దాయన మాట. పైగా నేను నిజంగానే మెరుస్తున్నాను. దస్తగిరి నన్ను బోర్లించి చూడకుండానే మెడ మీద పెట్టి బిగించేశాడు. పెద్దవాళ్ల మాట కాదనలేని చోట చిన్న రోగాలు కూడా మర్యాదగా దాక్కుంటాయి. పాతబడ్డ రెండు హోసు పైపులు మార్చి, నీళ్లలో కలిపే పచ్చటి కూలెంట్ కొత్తగా పోసి, "రాత్రికి బండి కింద పేపరు పరచండి. తడి ఎక్కడుంటే లీకు అక్కడ" అని చెప్పి పంపాడు.

శనివారం పొద్దున పేపరు ఎండు రొట్టెలా ఉంది. నిలబడ్డ బండిలో నేను ఏమీ వదలను. నా బలహీనత ఎగువకు ఎక్కేటప్పుడే. అదే రోజు మళ్లీ కొండకు వెళ్లారు. ఈసారి ఏడో మలుపు దాకా పోయింది అలకమ్మ, మళ్లీ అలిగింది. సాయంత్రం షెడ్డు ముందు దస్తగిరి తల గోక్కున్నాడు.

"కారేది కానరాదు, కాలేది కానరాదు. నీళ్లు మాత్రం అయిపోతాండాయి. యాడికి పోతాండాయో ఆ దేవునికే తెలియాల. ఇంక ఇంజిన్ దించి చూడాల్సిందే శేఖరా. వారం పడతాది."

వారం! సోమవారం ఎల్లుండే. చెంగల్రాయుడు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ముసలిదైపోయింది. పాతినుముకు ఇచ్చేద్దాం లేరా. అమ్మాయి హాస్టల్లో ఉంటే ఏమైంది? ఆదివారం ఆదివారం వస్తాది." ఆయనకు నలభై ఏళ్ల కాపురం. ఆదివారం ఆదివారం అంటే ఎంత దూరమో మరిచిపోయినట్టుంది. మునిశేఖర్ నవ్వుతూ తల ఊపాడు, కానీ ఇంటికొచ్చాక బానెట్ మీద రెండు చేతులూ పెట్టి ఎంతోసేపు అలాగే నిలబడ్డాడు. నేను ఆ చేతుల కిందే ఉన్నాను. మెరుస్తూ, సిగ్గుతో.

ఆదివారం మధ్యాహ్నం. కథ తిరిగింది వంటింట్లో. ఆ వంటింటి కిటికీ కారుకు ఎదురుగానే ఉంటుంది, బానెట్ ఎత్తి ఉంది కాబట్టి అంతా నాకు కనిపించింది, వినిపించింది.

వాళ్ల పెళ్లికి అయిదు కుక్కర్లు వచ్చాయి. నాలుగు కొత్తవి, అటక మీదున్నాయి. అయిదోదిగా ఝాన్సీ అత్తగారు తన చేతి కుక్కరే ఇచ్చింది. "కొత్తవాటికి రుచి ఉండదు" అంటూ. ఝాన్సీకి అదే ఇష్టం. హాస్టలుకు కూడా దాన్నే తీసుకెళ్లాలని కాగితం మీద రాసుకుంది. అందులో పప్పు పెట్టింది. ఎంతసేపైనా విజిల్ లేదు. పక్క నుంచి సన్నగా బుస్సు, బుస్సు.

"ఝాన్సీ, మాడు వాసన!"

"అయ్యో, నా పప్పు!"

మూత తీసింది. లోపల నీళ్లన్న మాటే లేదు. పప్పు అడుగంటి బొగ్గయింది. మునిశేఖర్ తొంగి చూసి, "మన హాస్టలు మేడం వంట బాగుంది" అన్నాడు. ఆమె గరిటె ఎత్తింది, అతను పారిపోయాడు. ఇంకెవరైనా అయితే ఆ మాడిన పప్పును చూసి ఏడ్చి ఉండేవాళ్లు. ఈ అమ్మాయి మూతకున్న రబ్బరు చుట్టును ఊడదీసి, వంచి చూసి, గాజులా చేతికి తొడుక్కుని, అటూ ఇటూ తిప్పి నవ్వింది. అది గట్టిపడి పెళుసెక్కి ఉంది. మణికట్టు మీద టప్పుమని చిట్లింది.

ఆమె నవ్వు ఆగింది.

"నీళ్లు కారలేదు," అంది మెల్లగా, కుక్కరుతోనే మాట్లాడుతున్నట్టు. "కాని అయిపోయినాయి."

తరువాత కిటికీ లోంచి ఒక తల బయటికొచ్చింది. దాని చూపు సూటిగా నా మీద పడింది. నా బతుకులో మొదటిసారి ఒక మనిషి నన్ను పక్కన పెట్టకుండా చూసింది.

పరుగున వచ్చింది. చెప్పుల్లేవు, చేతికి పప్పు మసి. ఇంజిన్ చల్లగా ఉందని తాకి చూసి మరీ నన్ను తిప్పి తీసింది. తొందరలోనూ జాగ్రత్త మరవని పిల్ల! నన్ను బోర్లించి, నా రబ్బరును బొటనవేలితో నొక్కింది. చిన్న ముక్క ఊడి ఆమె అరచేతిలో పడింది. స్ప్రింగు నొక్కింది. అది నీరసంగా లొంగింది. తరువాత నా మెడ పక్కనున్న గొట్టం వెంట వేలు జరుపుకుంటూ కిందికి పోయింది. గొట్టం చివర, అందరూ వెతికి వెతికి చూడని చోట, ఎండిన పచ్చటి కూలెంట్ మరక.

"ఏమండీ! ... శేఖరూ! శేఖరూ!"

నలుగురూ ఉన్నారో లేరో కూడా చూసుకోలేదు. ఎదురింటి వాకిట్లో ముగ్గు చెరిపేస్తున్న ముసలామె ఆ పిలుపు విని నోరు నొక్కుకుంది. ఊరంతా వినేట్టు మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. అదీ నా కోసం.

దస్తగిరి ఇల్లు షెడ్డు వెనకే. ఆదివారమని పడుకున్నవాణ్ణి లేపారు. అతను నన్ను కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, వేలితో రబ్బరు గీరి, వాసన చూశాడు.

"కొబ్బరినూనె!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే చెంగల్రాయుడు వచ్చాడు, ఎవరో కబురు చెప్పి ఉంటారు.

"పెద్దాయనా, దీనికి నూనె పెట్టినారా?"

"పెట్టినా. గానుగ నూనె! కల్తీ లేనిది!" అన్నాడు చెంగల్రాయుడు గర్వంగా.

"దీని పాలిటికి అదే విషం. నూనె తగిలితే ఈ రబ్బరు ఉబ్బిపోయి చెడిపోతాది. నీళ్లతో తుడిస్తే చాలు."

చెంగల్రాయుడు ముంజేతి మీద మచ్చ నిమురుకుంటూ నిలబడిపోయాడు. ఆ ముఖం చూస్తే నాకే జాలేసింది. నోరుంటే, "అయ్యా, ఆ మర్దనా ఎంత బాగుండేదో" అని చెప్పి ఉండేదాన్ని. ఆ మాట ఝాన్సీ ఇంకోలా చెప్పింది.

"పెదమామా, మీరు ప్రేమ ఎక్కువ పెట్టినారు. అంతే. తక్కువ పెట్టినోళ్లతోనే కదా గొడవ."

దస్తగిరి మాత్రం గడ్డం గోక్కున్నాడు. "తప్పు నాది. మూత మెరుస్తాంటే చూసి వదిలేసినా. ఇన్నేళ్ల నుంచి ముందు దాన్నే తీసి పక్కన పెడతాండా, ఒక్కనాడూ బోర్లించి చూళ్లేదు. ఈ పాప నాకు పాఠం చెప్పింది." తన డబ్బాలో వెతికి కొత్త మూత ఒకటి తీశాడు. మునిశేఖర్ "ఇంకా పెద్ద అంకెది ఉంటే వెయ్యన్నా, ఇంకా గట్టిగా పడతాది" అన్నాడు. "వద్దప్పా. ముసలి రేడియేటర్. ఎక్కువ అదిమితే అది పగులుతాది. నెత్తిన ఉండే అంకె ఈ పాతదాని అంకెతో కలవాల." నన్నూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి అంకెలు సరిచూశాడు. నిక్కచ్చిగా ఒకటే జాతకం. కొత్తది నా మెడ మీద, అంటే ఒకప్పటి నా మెడ మీద, టిక్కుమని కూర్చుంది. ఆ శబ్దంలో ఎంత యవ్వనమో! అసూయ పడలేదని చెప్తే అబద్ధం. కొంచెమే పడ్డాను.

సాయంత్రం నాలుగుకు కొండ. ఈసారి నేను బానెట్ కింద లేను. ఝాన్సీ చేతి సంచిలో దువ్వెన పక్కన ఉన్నాను. జిప్పు సందులోంచి ఆకాశం కనిపించింది. మూడో మలుపు, అయిదో మలుపు, ఏడో మలుపు. ఝాన్సీ చెయ్యి మునిశేఖర్ గేరు పట్టుకున్న చేతి మీద ఉంది, ఇద్దరి కళ్లూ ఆ ముల్లు మీద. ముల్లు మధ్యలోనే కూర్చుంది, భోజనం చేసి కునుకు తీస్తున్న తాతలా. పైకెక్కేసరికి చల్లగాలి కొట్టింది, నీలగిరి చెట్ల వాసన. ఇన్నేళ్లు కొండ కింద మలుపుల్లో ఉడికినదాన్ని, కొండ మీద ఏముంటుందో అప్పుడే చూశాను. పెద్దగా ఏమీ లేదు. గాలి, చెట్లు, ఒక బడి గేటు, గేటు ముందు దిగి గెంతుతున్న ఒక పంతులమ్మ. నాకది చాలు.

మునిశేఖర్ చల్లారాక కొత్త మూత తీసి చూశాడు. నీళ్లు నిండుగా, అంగుళం కూడా తగ్గకుండా. అతను మూత మళ్లీ బిగించి ఊరికే నవ్వుతూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక ఝాన్సీ హాస్టలు కాగితం తీసి చించబోయి ఆగింది. వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది. నన్ను సంచిలోంచి తీసి ఆ కాగితం ఎగరకుండా దాని మీద పెట్టింది. చెంగల్రాయుడు అప్పటికే సోఫాలో కూర్చుని టీ తాగుతున్నాడు. చేతిలో చిన్న సీసా ఉంది. కొత్త మూతకు పూజ చేయాలి కదా అని తెచ్చాడట. అందరూ ఒక్కసారిగా ఆయన వైపు చూశారు. ఆయన సీసా మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. "బొట్టు మటుకు పెడతా లేమ్మా. పైపైనే," అన్నాడు.

"ఈ పాతదాన్ని పారేద్దామా మరి?" అని మునిశేఖర్ నా వైపు చెయ్యి చాచాడు.

ఝాన్సీ నన్ను లాగేసుకుంది. సంచిలో నాకు అంటుకున్న చెనిక్కాయ పొట్టును చీర చెంగుతో తుడిచింది.

"పారేస్తావా? రేపు ఏడో తరగతికి నా మొదటి పాఠం దీంతోనే. నీళ్లు ఎప్పుడు మరుగుతాయి, ఎప్పుడు మరగవు. పిల్లలందరి చేతికీ ఇచ్చి బోర్లించి చూపిస్తా. కుక్కరు గాస్కెట్ కూడా తీసుకుపోతాండా." ఆమె మొగుడి వైపు తిరిగింది. "పొద్దున ఆరుకు బండి స్టార్ట్ చేయాల శేఖరూ. అయిదున్నరకే లేపుతా, చెప్తాండా!"

పెదమామ ఎదురుగానే శేఖరూ అంది. ఆయన టీలోకి చూస్తూ నవ్వుకున్నాడు.